పోయిన ప్రాణమునకు వెల కట్టవచ్చునా?

సోదరీమణులారా!

2022వ సంవత్సరమున మన దేశపు రహదారులమీద 1,68,491 మంది ప్రమాదములకు గురియై మరణించిరని కేంద్రప్రభుత్వమువారి నివేదిక తెలుపుచున్నది. ఇట్లు పోయిన యొక్కొక్క మనిషి వెనుకను ఒక యిల్లున్నది. ఉదయమున ఇంత అన్నము తిని పనికి వెళ్లినవాడు సాయంకాలమునకు తిరిగి రాలేదు. నెల తిరుగగానే అద్దెయు, బియ్యపు బాకీయు, పిల్లల బడిజీతమును, ముసలితల్లి మందులును వరుసగా వచ్చి వాకిట నిలుచును. అప్పుడు ఇల్లాలికి దుఃఖముతోపాటు దిగులును తోడగును.

అట్టి సమయమున నెవరైన "నష్టపరిహారమునకు దరఖాస్తు పెట్టుకొనుమమ్మా" యనినచో, మన యాడువారిలో పెక్కండ్రు చెవులు మూసికొందురు. "మనిషే పోయిన తరువాత సొమ్మెందుకు? ఆయన ప్రాణమునకు వెలకట్టి యమ్ముకొందునా? శవముమీద పేలాలేరుకొనుచున్నదని నలుగురు ననుకొనరా?" యని కంటనీరు పెట్టుకొందురు. ఈ మాటలో ప్రేమయు అభిమానమును గలవు. దానిని మేము తేలికచేయము. అయినను ఆ మాట న్యాయమునకు నిలువదనియు, దానిని ఆసరాగా గొని పరులు లాభపడుచున్నారనియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒక పాత తీర్పు

1808వ సంవత్సరమున ఇంగ్లండులో నొక దావా విచారణకు వచ్చెను. ప్రయాణీకులను గొనిపోవు గుఱ్ఱపుబండి యొకటి బోల్తాపడగా, దానిమీద కూర్చున్న దంపతులలో భర్త గాయములతో బ్రతికి బయటపడెను. భార్య ఇంచుమించు ఒక నెల బాధపడి ఆసుపత్రిలో మరణించెను. అతడు పానశాల నడుపుకొనువాడు. ఆ వ్యాపారమున భార్య యతనికి మిక్కిలి తోడ్పడుచుండెడిది. అతడు బండి యజమానులపై దావా వేయగా, ఎలెన్‌బరో ప్రభువను న్యాయమూర్తి, మనుష్యుని మరణము సివిలు న్యాయస్థానమున ఫిర్యాదు చేయదగిన నష్టము కాదనియు, ఆమె జీవించియున్న ఆ కొలదిదినములకు మాత్రమే పరిహారము చెల్లుననియు నిర్ణయించెను. అనగా, కాలు విఱిచినవాడు సొమ్ము చెల్లింపవలెను. ప్రాణము తీసినవాడు చెల్లింపనక్కఱలేదు!

ఈ వింత న్యాయము 1846లో ఆ దేశమున సవరింపబడెను. దానినే అనుసరించి 1855లో మన దేశమునకును ప్రాణాంతక ప్రమాదముల చట్టము వచ్చెను. ఒకరి తప్పువలన మనిషి మరణించినచో, ఆ మృతుని భార్యకు గాని, భర్తకు గాని, తల్లిదండ్రులకు గాని, బిడ్డలకు గాని కలిగిన నష్టమును తప్పుచేసినవారు పూడ్చవలెనని ఆ చట్టము విధించినది.

చట్టము చనిపోయినవాని ప్రాణము ఖరీదెంత యని యడుగుట లేదు. ఆ చేతి సంపాదన ఇంకను ఎన్నియేండ్లు ఈ బిడ్డలకు అన్నము పెట్టెడిదని యడుగుచున్నది. అన్నము పెట్టు చేయిని పోగొట్టినవాడు ఆ యన్నమును పెట్టవలెను. ఇందులో అమ్మకమును లేదు, భిక్షమును లేదు. ఇది బిడ్డల బాకీ. తల్లి దానిని వదలుకొనినచో, తనది కాని దానిని వదలుకొన్నట్లగును.

దరఖాస్తు ఎచ్చట, ఎప్పుడు?

మోటారు ప్రమాదములకు ప్రత్యేక న్యాయస్థానములు 1956 నాటి సవరణచే ఏర్పడినవి. వీనిని ట్రిబ్యునలులందురు. ఇప్పుడు అమలునందున్నది 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము. దీనిప్రకారము ప్రమాదము జరిగినచోటనే కాక, దరఖాస్తుదారులు నివసించు ప్రాంతపు ట్రిబ్యునలునందును దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కూలిపనికై హైదరాబాదు వెళ్లినవాడు అచ్చట మరణించినను, శ్రీకాకుళమునందున్న అతని ఇల్లాలు శ్రీకాకుళముననే దరఖాస్తు ఈయవచ్చును. ప్రతి వాయిదాకును రైలెక్కి పోవలసిన పనిలేదు.

గడువు మాత్రము మఱవరాదు. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన సవరణప్రకారము, ప్రమాదము జరిగిన ఆరునెలలలోపల దరఖాస్తు చేరవలెను. సంవత్సరీకములు వెళ్లిన తరువాత చూచుకొందమని యూరకుండుట ప్రమాదకరము. గడువు దాటిపోయినవారును తమంతట తాము ఆశ వదలుకొనక న్యాయవాదిని అడిగి చూడవలెను. పోలీసువారు ప్రమాదపు నివేదికను మూడునెలలలో ట్రిబ్యునలునకు పంపవలెననియు, ఆ నివేదికనే దరఖాస్తుగా గ్రహింపవచ్చుననియు చట్టములో నున్నది. అయినను దానినే నమ్ముకొని కూర్చుండుటకంటె మన దరఖాస్తు మనము పెట్టుకొనుటయే మేలు.

పెక్కుమంది పొరబడు విషయ మొకటి గలదు. డ్రైవరుమీద పోలీసువారు నడుపు క్రిమినలు కేసు వేఱు, పరిహారపు దరఖాస్తు వేఱు. క్రిమినలు కేసున నేరము సందేహమునకు తావులేకుండ ఋజువు కావలెను. ట్రిబ్యునలునందు అంత పట్టుదల లేదు. ఇరుపక్షముల మాటలలో ఏది యెక్కువ నమ్మదగియున్నదని చూచుటయే. కావున అచ్చట డ్రైవరు విడుదలయైనను, అంతమాత్రముచేత ఇచ్చట దరఖాస్తు కొట్టివేయబడదు.

గ్రుద్దిన బండి యేదియో తెలియక పోయినచో 2 లక్షల రూపాయలు ఇచ్చు ప్రభుత్వపు ఏర్పాటు కలదు. దానికి ప్రమాదము జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారులయొద్ద దరఖాస్తు ఈయవలెను. బండి తెలిసినచో, తప్పెవరిదని విచారింపకయే 5 లక్షలు పొందు మార్గ మొకటియున్నది. అయితే ఈ 5 లక్షలను పుచ్చుకొనినచో పూర్తి పరిహారమునకు వేసిన దరఖాస్తు రద్దగును. తొందరపడి చేయి చాపుటకు ముందు లెక్క చూచుకొనవలెను.

మొదటి పదునొకండు దినములు

ఇంటిలో శవము లేవకమునుపే కాగితములతో వచ్చువారు కలరు. బండి యజమాని పక్షమున ఒక పెద్దమనిషి వచ్చి, "కేసులు, కోర్టులు మీకెందుకమ్మా? ఈ రెండు లక్షలు పుచ్చుకొని సంతకము చేయుడు. ఆడవారు కోర్టు మెట్లెక్కుట మర్యాదయా?" యనును. ఆసుపత్రి వాకిటనే మఱియొకడు వకాలతు కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొనును. దుఃఖమున మునిగియున్న మనిషికి అక్షరములు కనబడునా?

కావున మా మనవి యేమనగా, పదునొకండవదినము దాటువఱకు ఏ కాగితముమీదను సంతకము చేయకుడు. ఖాళీ కాగితముమీదను, స్టాంపు కాగితముమీదను ఏనాడును చేయకుడు. పరిహారములో ఇంత వంతు నాకీయవలెనని ప్లీడరు ఒప్పందము చేసికొనుట బార్ కౌన్సిలువారి నిబంధనలకు విరుద్ధమని యెఱిగియుండుడు. స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తములేకుండ, ఉచితముగా న్యాయవాదిని ఏర్పఱచవలెనని 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము చెప్పుచున్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయమునకు వెళ్లి యడుగవచ్చును. లేదా 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

కొన్ని పనులు మాత్రము ఆ దినములలోనే జరుగవలెను; అవి అన్నదమ్ములకో, దగ్గఱి బంధువులకో ఒప్పగింపవలెను. పోలీసుస్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. వ్రాయించి నకలు తీసికొనుట మొదటిది. శవపరీక్ష రెండవది. దేహమును కోయనీయమని మనవారు పట్టుబట్టుట కలదు. ఆ బాధ మాకు తెలియును. కాని మరణము ప్రమాదమువలననే కలిగెనని చెప్పుటకు ఆ నివేదికయే ముఖ్యమైన సాక్ష్యము. గాయపడి కొంతకాలమునకు మరణించినవారి విషయమున అది మఱింత యవసరము. పిమ్మట పంచనామా నకలు, మరణ ధ్రువపత్రము, కుటుంబసభ్యుల ధ్రువపత్రము, ఆసుపత్రి బిల్లులు, గ్రుద్దిన బండి రిజిస్ట్రేషను, బీమా వివరములు సేకరింపవలెను. మృతుని జీతపు చీటీలు, బ్యాంకు పుస్తకము, వయస్సు తెలుపు పత్రము ఒక సంచిలో భద్రపఱచవలెను. చూచినవారి పేర్లును వ్రాసియుంచుకొనవలెను.

లెక్క యెట్లు కట్టుదురు?

పరిహారపు లెక్కకు సుప్రీముకోర్టువారు 2009లోను, మరల 2017లోను స్పష్టమైన పద్ధతి నేర్పఱచిరి. ఈ లెక్క మన ఇంటి పద్దులకంటె కష్టమైనది కాదు. ఒక ఉదాహరణ మిచ్చెదము.

ఒక వడ్రంగి యున్నాడనుకొందము. వయస్సు 32, నెలకు 15,000 రూపాయలు సంపాదించువాడు. అతనిమీద నాధారపడినవారు భార్య, ఇద్దఱు పిల్లలు, తల్లి, మొత్తము నలుగురు. సంవత్సరాదాయము 1,80,000. బ్రతికియున్నచో సంపాదన పెరిగియుండును గదా! స్వంతపని చేసికొనువారికి నలువదేండ్లలోపున నూటికి 40 వంతున చేర్చవలెనని 2017 నాటి తీర్పు. ఆ 72,000 చేర్చగా 2,52,000 అగును. అందులో అతని స్వంత ఖర్చుకు నాలుగవ వంతు, అనగా 63,000 తీసివేయగా, ఇంటికి చేరునది 1,89,000. ముప్పదియొకటి మొదలు ముప్పదియైదేండ్ల వయస్సువారికి ఈ మొత్తమును 16చే గుణింపవలెను. వచ్చునది 30,24,000 రూపాయలు.

దీనిపై అంత్యక్రియలకు 15,000, ఆస్తినష్టమునకు 15,000, తోడు పోగొట్టుకొన్నందుకు 40,000 చొప్పున 2017లో నిర్ణయించి, మూడేండ్లకొకసారి నూటికి పదివంతున పెంచవలెననిరి. ఈ తోడు భార్యకే కాదు, తండ్రి లాలన కోల్పోయిన బిడ్డలకును, కొడుకును కోల్పోయిన తల్లిదండ్రులకును చెల్లునని 2018లో తీర్పు చెప్పిరి. దరఖాస్తు పెట్టిన దినమునుండి వడ్డీయు రావచ్చును. ఇప్పుడు చెప్పుడు: పెద్దమనిషి తెచ్చిన రెండు లక్షలకును, ఈ ముప్పది లక్షలకును ఎంత దూరము! ఆ దూరమంతయు ఆ యిద్దఱు పిల్లల చదువు, ఆ ముసలితల్లి మందు.

మృతునిది కూడ కొంత తప్పున్నచో ఆ మేరకు సొమ్ము తగ్గింతురు. బండి నడుపుచు తన తప్పువలననే మరణించినచో ఎదుటివారినుండి పరిహారము రాదు. అయితే బండి యజమానియే స్వయముగా నడుపుచు మరణించినచో, అతని పేర యజమాని ప్రమాదబీమా యున్నయెడల 15 లక్షలు వచ్చును. ఇంటి బండికి ఆ బీమా యున్నదో లేదో ఈ దినమే చూచుకొనుడు. ఇంకొకమాట: మృతుని జీవితబీమా సొమ్ము వచ్చినదని పరిహారమును తగ్గింపరాదని 1998లోనే సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

ఇల్లాలు పోయినచో?

ఇంతవఱకు మగవాడు పోయిన ఇంటిని గూర్చి చెప్పితిమి. ఆడుది పోయినచో? "ఆమె కేమి సంపాదన? ఇంటిలోనే యుండెడిది గదా!" యని ఎదుటిపక్షమువారు వాదింతురు. మన యింటివారును ఒక్కొక్కప్పుడు అట్లే తలంతురు.

1989 మార్చి 3వ తేదీన జంషెడ్‌పూరులోని ఉక్కు కర్మాగారపు ఉత్సవమున అగ్నిప్రమాదము జరిగి పెక్కుమంది స్త్రీలు, బిడ్డలు మరణించిరి. ఆ దావాలో సుప్రీముకోర్టువారు 2001లో, ఉద్యోగములేని ఇల్లాండ్ర సేవకును విలువ గలదని చెప్పి, నెలకు 3,000 రూపాయలుగా లెక్కించిరి. ఆ తరువాత 2014లో ఢిల్లీయందు మోటారుసైకిలుమీద పోవుచున్న దంపతులు కారు తాకి మరణించిరి. వారికి ఇద్దఱు పసికూతుండ్రు. పై న్యాయస్థానము 22 లక్షలకు తగ్గించిన పరిహారమును 2021 జనవరిలో సుప్రీముకోర్టువారు 33 లక్షల 20 వేలకు పెంచిరి. ఆ తీర్పునకు తోడుగా, మన కృష్ణాజిల్లాలో జన్మించిన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారు తమ యభిప్రాయమును వేఱుగా వ్రాసిరి. ఇంటిపనికి స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములు వెచ్చింపగా పురుషులు 97 నిమిషములే వెచ్చించుచున్నారని 2019 నాటి ప్రభుత్వ గణాంకములను అందులో చూపిరి. ఇంటిపని పనియే కాదనుట పొరబాటని తేటపఱచిరి.

1808లో భర్తకు కుడిచేయియైన భార్య పోయినప్పుడు న్యాయస్థానము ఆమె సేవను ఆమె ప్రాణముతోనే లెక్క మూసివైచినది. రెండువందల యేండ్లకు పైబడిన పిమ్మట ఈనాడు వండి, వడ్డించి, ముసలివారిని సాకి, పిల్లలకు పాఠము చెప్పు చేతికి లెక్క తెఱచినది. తల్లిపోయిన బిడ్డలున్న ఇంటిలో ఈ సంగతి తెలిసినవారు ఒక్కరైన నుండవలెను.

అత్తాకోడండ్ర మధ్య

సొమ్ము పేరెత్తగానే ఇంటిలో పొరపొచ్చెములు పుట్టుట కద్దు. కొడుకు పోయిన తల్లి కోడలిని అనుమానించును. మగడు పోయిన కోడలు అత్తవారిని అనుమానించును. ఇద్దఱును దుఃఖితులే. చట్టము ఇద్దఱిని చూచుచున్నది. పెండ్లియైన కూతురును దరఖాస్తు చేసికొనవచ్చునని 2007లోను, అల్లునిమీద నాధారపడి బ్రతుకు అత్తయు అర్హురాలేయని 2021లోను సుప్రీముకోర్టువారు తీర్పులిచ్చిరి. కావున వేర్వేఱు ప్లీడర్లను పెట్టుకొని కలహించుటకంటె అత్తయు కోడలును ఒకే దరఖాస్తున పేర్లు వ్రాయించుట యుత్తమము. ఎవరి వంతెంతయో ట్రిబ్యునలే పంచి యిచ్చును.

వచ్చిన సొమ్మును కాపాడుకొనుటయు నొక పనియే. పరిహారము చేతికందిన వారములో అప్పులవారును, పొలము బేరములవారును, వ్యాపారము పెట్టింతుమను బంధువులును ప్రత్యక్షమగుదురు. అందువలననే పిల్లల వంతును వారు పెద్దవారగువఱకు బ్యాంకులో డిపాజిటు చేయవలెననియు, లోకజ్ఞానములేనివారి సొమ్మును గూడ అట్లే కాపాడవలెననియు ఒక తీర్పున సుప్రీముకోర్టువారు సూచించిరి. ఇల్లాలు తన ఒక్కతె పేరనే ఖాతా తెఱచి, నెలనెల వడ్డీ వచ్చునట్లు ఏర్పాటుచేయుమని ట్రిబ్యునలును కోరవచ్చును. ఇచ్చిన సొమ్ము తక్కువయని తోచినచో తీర్పు వచ్చిన 90 దినములలో హైకోర్టునకు అప్పీలు చేసికొనవచ్చును.

రహదారి ప్రమాదములే కాదు. పనిచేయుచోట మరణించినవారికి 1923లోనే ప్రత్యేక చట్టము పుట్టినది. తెగిన కరెంటుతీగ తగిలి మరణించినచో విద్యుత్తు సరఫరా చేయువారు బాధ్యులని 2002లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. రైలు ప్రమాదములకు వేఱుగ ట్రిబ్యునలున్నది. వైద్యుని యజాగ్రత్తవలన మరణించినచో రెండేండ్లలోపున వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చును. ద్వారములు వేఱైనను న్యాయమొక్కటే.

సోదరీమణులారా! ఇట్టి ఆపద ఎవరికిని రాకూడదనియే మా ప్రార్థన. కాని దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పిరి. మీ భర్త జీతమెంతయో, బీమా కాగితము లెచ్చటనున్నవో, బండి ఎవరి పేరనున్నదో మీకు తెలిసియుండవలెను. పొరుగింట ఇట్టి దుఃఖము కలిగినప్పుడు వంటచేసి పంపుటతో నూరకుండక, కొన్నిదినములైన పిమ్మట ఆమె ప్రక్కన కూర్చుండి, "గడువు ఆరునెలలమ్మా, కాగితములు జాగ్రత్తపఱచితివా?" యని మెల్లగా నడుగుడు. కోర్టు మెట్లెక్కునాడు తోడుగా వెళ్లుడు. ఆమె యడుగునది తన బిడ్డల యన్నము. అందుకు తలవంచుకొని నిలువవలసినది ఆమె కాదు.